సొరంగం కొలతకు కుట్టిన ఇంజను

ప్యాంటు పొట్టి చేయించుకోవాలన్నా, నడుము లూజు చేయించుకోవాలన్నా వెళ్ళడానికి మనుషులకొక దుకాణం ఉంటుంది. ఇంజన్లు కూడా ఆ దుకాణానికే రావడం మాత్రం మరెక్కడా చూడం. ఆల్టరేషన్ మాస్టరు దుకాణం అలాంటిది. కొత్త బట్టలు కుట్టడం ఆయన ఎప్పుడో మానేశాడు. కొత్తది ఎవడైనా కుడతాడనీ, ఎవడో చెడగొట్టిన దాన్ని మనిషికి పట్టేలా చేయడంలోనే పనితనమంతా ఉందనీ ఆయన నమ్మకం. ఆ మాట ఒప్పుకోని వాళ్ళ ప్యాంట్లు ఆయన దగ్గర ఒక వారం ఆలస్యమవుతాయి.

దుకాణమంటే ఒక్క గది. కిటికీ పక్కన కుట్టుమిషను, మధ్యలో కటింగ్ బల్ల, తెర వెనక ట్రయల్ అద్దం, మూలన బుసకొట్టే ఆవిరి ఇస్త్రీ పెట్టె. ఎడమ గోడకు కొక్కేల మీద ప్యాంట్లూ కోట్లూ, కుడి గోడకు అరల మీద బొమ్మ ఇంజన్లు. బొమ్మ అన్నానని తీసిపారేయకండి. చెప్పుల పెట్టెంత ఉండే ఆ ఇంజన్లలో నిజంగా నీళ్ళు పోస్తారు, కింద స్పిరిటు దీపం వెలిగిస్తారు. నీళ్ళు మరిగి, ఆవిరి పట్టి, చక్రాలు తిరిగి, కూత వేసుకుంటూ పోతాయి. రెండు గోడల మీద సరుకుకీ మాస్టరు ఒకే రకం చీటీలు కడతాడు. ఒకసారి చీటీలు తారుమారై, బ్యాంకు గుమాస్తా ప్యాంటుకి "ముందు చక్రాలు బిగించాలి, కూత సన్నగా రావాలి" అన్న చీటీ వెళ్ళింది. ఆ గుమాస్తా నోట్లో నాలుక లేని మనిషి. చీటీ చదువుకుని, ప్యాంటు తొడుక్కుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఇదంతా పదకొండేళ్ళ కిందట మొదలైంది. మాస్టరు కూతురు ఒక రైల్వే సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగారి కోడలయింది. కొత్త చుట్టరికం కదా అని మాస్టరు భార్యతో కలిసి వియ్యంకుడి ఇంటికి వెళ్ళాడు. హాల్లో నేల మీద గుండ్రంగా పట్టాలు పరిచి, పిల్లి అంత ఇంజనొకటి పొగ వదులుతూ తిరుగుతోంది. వియ్యంకుడు అప్పటికే రిటైరై, ఊళ్ళో ఇలాంటి ఇంజన్ల సంఘానికి ప్రెసిడెంటుగా ఉన్నాడు. వచ్చినవాళ్ళంతా ఆహా అంటున్నారు. మాస్టరుకు ఆవిరితో ముప్పై ఏళ్ళ పరిచయం, కానీ అది ముడతలు తీయడానికి తప్ప మరెందుకూ పనికి రాదనే అనుకునేవాడు. నోరు తెరుచుకుని మూడు చుట్లు చూశాడు. నాలుగో చుట్టులో ఆయనలోని దర్జీ నిద్రలేచాడు.

"కుడి భుజం కాస్త ఎత్తుగా ఉంది బావగారూ" అన్నాడు.

మాస్టరు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వియ్యంకుడు ఇంజను ఆపి, స్కేలు తెప్పించి, డ్రైవరు నిలబడే గది పైకప్పును రెండు వైపులా కొలిచాడు. కుడివైపు గోరు మందం ఎత్తుగా ఉంది. నాలుగేళ్ళుగా ఆ ఇంజను అలా భుజం ఎగరేసుకునే తిరుగుతున్నా ఎవరూ గమనించలేదు. మాస్టరు దాన్ని చంకన పెట్టుకుని దుకాణానికి పట్టుకెళ్ళి, మూడో రోజుకల్లా సరిచేసి పంపాడు. అంతే, సంఘంలోని ఇరవై రెండు మందీ తమ ఇంజన్లను సంచుల్లో పెట్టుకుని వరస కట్టారు.

ఇంజన్లకు ఆయన వేరే విద్యేమీ నేర్చుకోలేదు. ఉన్న విద్యనే వాడాడు. ఇంజన్ని స్టూలు మీద ఎక్కించి అద్దం ముందు నిలబెడతాడు. మెడలో టేపు తీసి చుట్టుకొలతలు రాసుకుంటాడు. పొట్ట దగ్గర బిగుతుగా ఉందా, నడుస్తుంటే ఎక్కడైనా పట్టేస్తోందా అని యజమానిని అడుగుతాడు. మందుల షాపాయన తన ఇంజను పొగగొట్టం అరంగుళం పొడుగు చేయమని తెచ్చినప్పుడు, మాస్టరు దాన్ని తలకిందులు చేసి లోపల వేలు పెట్టి చూశాడు.

"మడతలో ఏమీ వదల్లేదండీ. ఇది చేసినవాడెవడో కక్కుర్తి మనిషి. అర అంగుళం లోపలికి మడిచి ఉంటే ఇప్పుడు విప్పుకునేవాళ్ళం కదా."

"ఇత్తడి గొట్టానికి మడతేమిటి మాస్టారూ?"

"పొడుగు అక్కర్లేకపోతే మడతా అక్కర్లేదు. పొడుగు కావాలంటే మడత ఉండాల్సిందే కదండీ?"

మాస్టరు కాగితం మీద అచ్చు గీసి, ఇత్తడి రేకు మీద సుద్దతో గుర్తు పెట్టి, కత్తిరించి, ముందు టంకంతో నాలుగు కచ్చా కుట్లు వేసి, ట్రయల్ చూసి, ఆ తరువాత గట్టిగా అతికాడు. లోపల అర అంగుళం మడత వదిలాడు. లెక్కల టీచరమ్మ ఇంజనుకి డ్రైవరు గదిలో మెరూన్ రంగు శాటిన్ అస్తరు వేశాడు. అప్పటినుంచి అది చప్పుడు లేకుండా, మర్యాదగా నడుస్తోందని ఆవిడ అందరికీ చెప్పింది. ఇలా పదకొండేళ్ళలో సంఘంలోని ప్రతి ఇంజనూ ఆయన చేతి మీదుగానే వెళ్ళింది.

ఇంత చేసినా ఆయన సంఘంలో సభ్యుడు కాదు. ఆయన గుండెలో ముల్లు ఇదే. ఏటా జరిగే ప్రదర్శనలో వియ్యంకుడు ఆయన్ని పెద్దమనుషులకు పరిచయం చేస్తాడు.

"వీరు మా బావగారు. ప్యాంట్లు అద్భుతంగా సరిచేస్తారు."

అందులో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. అయినా అది విన్న ప్రతిసారీ మాస్టరుకు ఒళ్ళు మండిపోయేది. హాల్లో తిరిగే ఇంజన్లన్నీ తన టంకంతో నిలబడ్డవే, తను మాత్రం కుర్చీ దొరికితే కూర్చునే చుట్టం. ఏటా సభ్యత్వానికి కాగితం రాసి ఇచ్చేవాడు. ఏటా వియ్యంకుడు దాన్ని రెండు చేతులతో అందుకుని, రెండు చేతులతో తిరిగి ఇచ్చేవాడు.

"నాలుగో నియమం ఒకటుంది కదా బావగారూ. నాదేముంది చెప్పండి."

నాలుగో నియమం రాసింది వియ్యంకుడే. అభ్యర్థి సొంత ఇంజను స్టేషనులో బయలుదేరాలి, సొరంగంలో ప్రవేశించాలి, ఎక్కడా ఆగకుండా, ఎవరి చెయ్యీ తగలకుండా తిరిగి స్టేషను చేరాలి. ఆయన నలభై ఏళ్ళు సిగ్నళ్ళ మధ్య బతికిన మనిషి. ఎర్రదీపం ఉంటే కన్నతండ్రి వచ్చినా ఆపేస్తాడు, పచ్చదీపం ఉంటే శత్రువైనా పోనిస్తాడు. వియ్యంకుడని ఒక మెట్టు దిగడం ఆయన వంట్లోనే లేదు. మాస్టరుకేమో ఊరందరి ఇంజన్లూ సరిచేయడంతోనే సరిపోయి, సొంత ఇంజనుకి తీరిక దొరకలేదు.

"పదకొండేళ్ళుగా వాళ్ళ ఇంజన్లకి గుండీలు కుడుతున్నారు. మనకంటూ ఒక్క ఇంజను లేదు" అంది భార్య ఒకరోజు అన్నం వడ్డిస్తూ. "ఆయన మిమ్మల్ని ప్యాంట్ల మనిషి అన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుంటోందండీ. ఈ ఏడు కూడా కాగితం తిరిగొస్తే మన అమ్మాయి ఇంటికి నేను రాను, ముందే చెప్తున్నాను."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. మాస్టరు ఆ మధ్యాహ్నమే పాత సామాన్ల కొట్టుకి వెళ్ళి, బక్కచిక్కిన ఇంజనొకటి కొనుక్కొచ్చాడు. బాయిలరు బాగానే ఉంది. ఒంటి మీద రేకు మాత్రం చాలా పొదుపుగా వేశారు. మంచి ఎముక ఉన్న మనిషి, బట్టలే బాగాలేవు అనుకున్నాడు మాస్టరు. దీనికి కొత్త డ్రైవరు గది, రెండు పక్కలా నీళ్ళ తొట్లు, మొత్తం ఒంటికే కొత్త సూటు కుట్టాలని తీర్మానించాడు. కుట్టాలంటే కొలత కావాలి కదా. ఎవరి కొలత అన్నది ఆయన ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. వెళ్ళాల్సింది సొరంగంలోకి. కాబట్టి సొరంగం కొలత.

ఆ సొరంగం వియ్యంకుడి ప్రాణం. ఇనప వల మీద పాత పేపర్లు జిగురుతో అతికించి, రంగులేసి, బ్రష్షు వెంట్రుకలతో చెట్లు నాటి, నాలుగేళ్ళు ఒంటి చేత్తో చేసిన కొండ అది. సంఘం హాల్లో పెద్ద బల్ల మీద, దుప్పటి కింద ఏడాదంతా పడుకుని ఉంటుంది. ప్రదర్శనకు ముందు అభ్యర్థి ఒకసారి కొలుచుకోవచ్చు. నడిపి చూడడానికి మాత్రం వీల్లేదు. మాస్టరు టేపు మెడలో వేసుకుని వెళ్ళాడు. వియ్యంకుడు దుప్పటి తీశాడు. మాస్టరు వంగి, సొరంగం మూతికి లోపలివైపు టేపు చుట్టి, అలవాటు కొద్దీ "ఊపిరి బిగపట్టకండి, మామూలుగా ఉండండి" అన్నాడు.

వియ్యంకుడు తననే అనుకుని ఊపిరి వదిలాడు.

ఛాతీ, నడుము, పొడుగు అన్నీ నోటు పుస్తకంలో ఎక్కాయి. ఇంటికొచ్చి మాస్టరు లెక్క వేసుకున్నాడు. ఒంటి కొలత ఉన్నదున్నట్టు కుడితే అది బట్ట కాదు, శిక్ష అంటాడాయన. మనిషి కూర్చోవాలి, లేవాలి, తుమ్మాలి. అందుకని ఎవరి కొలతకైనా చుట్టూ రెండు వేళ్ళ లూజు కలుపుతాడు. నలభై ఏళ్ళలో ఆ రెండు వేళ్ళు కలపకుండా ఆయన కత్తెర పట్టిన రోజు లేదు. సొరంగానికీ కలిపాడు. ఇత్తడి రేకు మీద సుద్ద గీత గీసి, దానికి బయట రెండు వేళ్ళ దూరంలో ఇంకో గీత గీసి, బయటి గీత మీదే కత్తిరించాడు.

ఇది దర్జీకి తప్ప ఇంకెవరికీ చేతకాని పొరపాటు. వడ్రంగి చేయడు, తాపీ మేస్త్రీ చేయడు, బడికి వెళ్ళే పిల్ల కూడా చేయదు. కొలత ఇచ్చిన వాడికి తను కుట్టింది తొడగాలి, అందుకని కుట్టింది పెద్దదిగా ఉండాలి. ఇక్కడ కొలత ఇచ్చింది సొరంగం, కుట్టింది ఇంజను. సొరంగానికి ఇంజను తొడుగుతామా? ఆ ప్రశ్న ఆయన బుర్రలోకి రాలేదు. ఆయన భార్యకు మాత్రం వచ్చింది. కాజాలు కుడుతున్నదల్లా సూది ఆపి అడిగింది.

"ఏవండీ, ఇంజను సొరంగంలోకి వెళ్తుందా, సొరంగం ఇంజన్లోకి వెళ్తుందా?"

"ఏది ఎందులోకి వెళ్ళినా రెండు వేళ్ళ లూజు ఉండాలే."

ఆమె మళ్ళీ సూది ఎత్తుకుంది. పని విషయంలో ఆయన మాటకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్ళు లేరు. పదిహేను రోజుల్లో ఇంజను తయారయింది. ముందు భాగం సన్నగా, వెనక డ్రైవరు గది దగ్గరికి వచ్చేసరికి భుజాలు విశాలంగా, నీళ్ళ తొట్ల మీద ఇస్త్రీ చేసినట్టు పదునైన మడత గీతలతో, చూడముచ్చటగా ఉంది. అద్దం ముందు నిలబెట్టి మాస్టరు చుట్టూ తిరిగి చూసుకున్నాడు. భార్యాభర్తలిద్దరికీ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత హుందాగా ఉన్న ఇంజన్ని చూసి కాగితం ఎవడు తిరిగిస్తాడు?

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. బడిపిల్లలు, వాళ్ళ టీచర్లు, ఇరుగుపొరుగులు బల్ల చుట్టూ మూగారు. వియ్యంకుడు పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. మాస్టరు నీళ్ళు పోసి, దీపం వెలిగించి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. చెయ్యి తగలకూడదు కదా. భార్య బల్లకు అవతల కూతురి పక్కన ఊపిరి బిగబట్టి నిలుచుంది.

ఇంజను కూత వేసి కదిలింది. మొదటి మలుపు తిరిగింది, వంతెన దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు. సొరంగం దగ్గరికి వచ్చింది. పొగగొట్టం లోపలికి వెళ్ళింది, బాయిలరు వెళ్ళింది. భుజాలు మూతి దగ్గర పట్టేశాయి.

అప్పుడు అర్థమైంది మాస్టరుకి. సొరంగం ఒళ్ళు కాదు, సొరంగమే చొక్కా. రెండు వేళ్ళూ అటు వదలాల్సినవి. పదకొండేళ్ళ కోరిక ఆ రెండు వేళ్ళ మధ్య ఇరుక్కుని గిలగిల్లాడుతోంది, తనేమో చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. భార్య ముఖం వైపు చూసే ధైర్యం లేకపోయింది.

కానీ ఇంజను ఆగలేదు. మాస్టరు దాని కడుపు నిండా నీళ్ళు పోసి, బలంగా దీపం పెట్టాడు. ఒక్క క్షణం బిగుసుకుని, ఊపు తెచ్చుకుని ముందుకే తోసింది. కొండ కదిలింది. ఏటా దులపడానికి ఎత్తి దించే కొండ కనుక దాన్ని బల్లకి బిగించలేదు. ఇంజను కొండను తలమీదుగా కోటు వేసుకున్నట్టు వేసుకుని, పట్టాల మీద బయలుదేరింది. బ్రష్షు చెట్లు ఊగుతున్నాయి. కొండ నెత్తిన పేపరు చిరిగిన చోటునుంచి ఆవిరి బుసబుసా వస్తోంది. దారిలో ఉన్న సిగ్నల్ స్తంభాలను ఒకదాని తరువాత ఒకటి పడగొట్టుకుంటూ, వెయిటింగ్ రూమును పక్కకు నెట్టి, రెండు బొమ్మ ఆవులను మింగేసి కొండ నడిచింది. వియ్యంకుడి చేతిలో పచ్చజెండా అలాగే ఉండిపోయింది. పచ్చజెండా ఎత్తి ఉండగా బండిని ఆపడం ఆయనకు చేతకాలేదు.

పిల్లలు ఎగిరి గంతేశారు. ఇదే అసలు కార్యక్రమం అనుకున్నారు. కొండ చుట్టంతా తిరిగి వచ్చి, స్టేషను ప్లాట్‌ఫారానికి ఆనుకుని, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ఆగింది. హాలంతా చప్పట్లు. ఒక టీచరు వియ్యంకుడి దగ్గరికి వచ్చి, కొండ మళ్ళీ ఎన్ని గంటలకు నడుస్తుందని అడిగింది.

పక్క గదిలో కమిటీ కూర్చుంది. మాస్టరు గుమ్మం దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. లోపల మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఇంజను సొరంగంలోంచి బయటికి రాలేదు కదండీ" అన్నాడు మందుల షాపాయన.

"రావాలని ఎక్కడుంది?" అంది లెక్కల టీచరమ్మ. "నియమం చదవండి. ప్రవేశించాలి అనుంది. ప్రవేశించింది. ఆగకూడదు అనుంది. ఆగలేదు. చెయ్యి తగల్లేదు. స్టేషను చేరింది."

"సొరంగం కూడా చేరింది కదా."

"సొరంగం రాకూడదని కూడా ఎక్కడా లేదు."

అందరూ ప్రెసిడెంటు వైపు చూశారు. వియ్యంకుడు నియమాల పుస్తకం తెరిచాడు. తను రాసిన వాక్యాన్నే పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు. నాలుగేళ్ళు కష్టపడి చేసిన కొండ పక్క గదిలో నెత్తి చిరిగి పడి ఉంది. ఆ పని చేసిన మనిషి గుమ్మంలో ఉన్నాడు. పుస్తకంలో మాత్రం దీపం పచ్చగా ఉంది. ఆయన పెన్ను తీసి, మాస్టరు కాగితం మీద సంతకం పెట్టాడు. ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు.

"లోపలికి రండి బావగారూ. కూర్చోండి. ఇప్పటినుంచి మీరు సభ్యులు. ఇక రెండో విషయం. సంఘం ఆస్తి ధ్వంసం చేసిన సభ్యుణ్ణి ఏడాదిపాటు సస్పెండ్ చేయాలని పదమూడో నియమం. సభ్యుడు కానివాణ్ణి సస్పెండ్ చేయడానికి వీల్లేదు. అందుకని ముందు ఆ పని పూర్తి చేశాం."

ఆ కాగితం మీద కూడా సంతకం పెట్టి, రెండు చేతులతో అందించాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. కొండ కోసమో, బావగారి కోసమో చెప్పడం కష్టం. మాస్టరు కాగితం అందుకుని, గోడ గడియారం చూసుకున్నాడు. సభ్యుడై మూడు నిమిషాలయింది.

"భుజాల దగ్గర పట్టేసింది బావగారూ. తప్పు నాదే. కొండను దుకాణానికి పంపండి, కుట్టు తెలియకుండా సరిచేసి ఇస్తాను" అన్నాడు.

"పంపిస్తాను" అన్నాడు వియ్యంకుడు.

ఇంటికి రాగానే మాస్టరు భార్య చేతిలో ఆ కాగితం పెట్టాడు. ఆమె చదివింది. ముఖం పాలిపోయింది.

"ఏడాది గడప తొక్కొద్దని రాశారు. ఇందులో అంత మురిసిపోవాల్సిందేముంది?"

"మొదటినుంచి చదువు. పైకే చదువు."

"'మా సంఘ సభ్యులు శ్రీ...'" అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. పక్కన ఆయన పేరుంది. మళ్ళీ అక్కణ్ణుంచే చదివింది. ఆయన నిలబడే విన్నాడు. మూడోసారి చదవమంటే ఆమె విసుక్కోలేదు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

మర్నాడు దుకాణం తెరవగానే బ్యాంకు గుమాస్తా ప్యాంటు నడుము లూజు చేయించుకోవడానికి వచ్చాడు. మాస్టరు టేపు చుడుతూ, అడక్కుండానే, సంఘంవాళ్ళు తనను ఏడాది సస్పెండ్ చేశారని చెప్పాడు. అయ్యో పాపం అన్నాడు గుమాస్తా.

"పాపమేముందండీ" అన్నాడు మాస్టరు. "సభ్యులమన్నాక ఇలాంటివి తప్పవు."